కర్రల బంగళాకు సిమెంటు

నేను మా నాన్నను పదిమంది ముందు 'మేస్త్రీ' అని పిలిచాను. నోరు జారి ఒక్కసారి అన్నమాట కాదు. రెండున్నరేళ్లు అలాగే పిలిచాను. ఆయన నన్ను 'ఇంజనీరు గారూ' అనేవాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. అయినా రాస్తాను. ఎందుకంటే ఇన్నాళ్లూ దీన్ని నాకు అనుకూలంగా మలుచుకుని, తప్పు ఒప్పుకున్న నిజాయితీపరుణ్ణని నలుగురి దగ్గరా చెప్పుకున్నాను. చెప్పి చెప్పి నా మీద నాకే విసుగు పుట్టింది.

ముందు ఇంటి గురించి చెప్పాలి. చిలకలూరిపేట నుంచి చీరాల వెళ్లే దారిలో ఒక ఊరు. పేరు రాయను, అక్కడివాళ్లకు మొహం చూపించలేను కాబట్టి. ఊరి మొదట్లో, మిరప చేల అంచున కర్రల బంగళా ఉండేది. తెల్లటి సున్నం గోడలు, వాటి మధ్య నల్లటి కర్రలు. నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని, మూలల్లో ఏటవాలుగా కొన్ని. పైకప్పు మన పెంకుటిళ్లకు లేనంత వాలు. మేడ గది కింది గోడ కంటే రెండడుగులు ముందుకొచ్చి, రోడ్డు మీద పోయేవాళ్లను వంగి చూస్తున్నట్టు ఉండేది. బస్సులో కొత్తవాళ్లుంటే మెడ చాచి, "ఇదేం ఇల్లండీ, గోడలోంచి కర్రలు బయటికొచ్చినయ్యి?" అని పక్కవాళ్లను అడిగేవాళ్లు.

దానికి జవాబు మా ఇంట్లో అందరికీ వచ్చు. కట్టింది మా తాత ఉస్మాన్ మేస్త్రీ, 1926లో. ఆ రోజుల్లో అక్కడ పొగాకు కొనే దొర ఒకడుండేవాడు. ఆయన తండ్రి ఇంగ్లండులో రైతు. వాళ్ల ఇల్లు మూడొందల ఏళ్ల నాటిదట, ఓక్ అనే కర్రతో కట్టిందట. అలాంటి ఇల్లే ఇక్కడా కావాలని దొరకు పట్టుదల. కాగితం మీద గీసి ఊళ్లోని మేస్త్రీలందరికీ చూపించాడు. అందరూ తల గోక్కుని వెళ్లిపోయారు. మా తాతకు ఇంగ్లీషు రాదు, ఆ మాటకొస్తే తెలుగు చదవడమూ రాదు. గీతలు మాత్రం చదవగలడు. బొమ్మ చూస్తూనే, "ఇక్కడ గోడ కర్రని మొయ్యట్లేదు దొరా, కర్రే గోడని మోస్తంది" అన్నాడట. దొర లేచి చెయ్యి కలిపాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. చెయ్యి కలిపాడో లేదో గాని, తాత అన్న మాట మాత్రం నిజం.

ఆ ఇంటి బరువంతా కర్రలదే. దూలం చివరను సన్నగా చెక్కి, స్తంభంలో తొలిచిన బెజ్జంలోకి దించి, అడ్డంగా తుమ్మ చీల కొట్టారు. ఇనప మేకు ఒక్కటి లేదు. కర్రల మధ్య ఖాళీల్లో వెదురు దబ్బల తడికలు అల్లి, వరిగడ్డీ పేడా కలిపి తొక్కిన మట్టి మెత్తి, పైన సున్నం పూశారు. అక్కడి ఓక్‌కి బదులు ఇక్కడ టేకు. మూలల్లో పెట్టాల్సిన వంపు కర్రల కోసం తాత చేలగట్లన్నీ తిరిగి, పుట్టుకతోనే వంగిన నల్లతుమ్మ కొమ్మలు ఏరుకొచ్చాడు. ఒక్కో గోడ చట్రాన్నీ ముందు నేలమీదే పరిచి బిగించి చూసుకున్నాడు. ఏ కర్ర ఎక్కడిదో తెలిసేలా ఉలితో గాట్లు పెట్టాడు. తర్వాత మోకులు కట్టి ముప్పై మందితో లేపించాడు. అలా లేచిన ఇల్లు అది. దొరలు పోయాక, నేను చెప్పబోయే రోజుల్లో ఆ ఇంట్లో ఉండే గురవమ్మ గారి మామగారు కొనుక్కున్నాడు. ఆమె కాపురానికొచ్చింది ఆ ఇంటికే.

ఆ ఇంటికి ఏడాదికి రెండుసార్లు చేయాల్సిన పని ఒకటుంది. నల్లరేగడి సంగతి మా వైపు పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. రోహిణి కార్తె ఎండలకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వానలు పడగానే ఉబ్బుతుంది. ఆ ఊళ్లో బీట లేని ఇటుక గోడ నేను చూడలేదు. కర్రల బంగళా మాత్రం నేల కుంగితే కాస్త ఒరిగేది, నేల ఉబ్బితే మళ్లీ సర్దుకునేది. అందుకని రోహిణిలో ఒకసారి వడ్రంగి వెళ్లి, కొయ్య సుత్తితో ఒక్కో చీలనూ తట్టి, బాగా బిగుసుకున్నవాటిని కొంచెం వదులు చేసేవాడు. వానలు కుదురుకున్నాక మళ్లీ వెళ్లి వాటిని బిగించి, గోడ బీటలకు తడిమట్టి మెత్తించేవాడు. తాత పోయాక ఆ పని మా నాన్న జాన్ బాషాకు వచ్చింది. చీరాల నుంచి బస్సులో వెళ్లి, నాలుగు రోజులు అక్కడే ఉండి చేసి వచ్చేవాడు. ముప్పై రెండేళ్లు ఒక్క ఏడూ తప్పలేదు. చీరాల చుట్టుపక్కల ఎవరైనా గుమ్మం ఎత్తాలన్నా, దూలం వేయాలన్నా, "కర్రల బంగళా బాషాని పిలవండి" అనేవాళ్లు. ఆయనకున్న ఆస్తి ఆ పేరే.

ఆ పేరంటే నాకు చిన్నతనం. గుంటూరు పాలిటెక్నిక్‌లో సివిల్ చదివేటప్పుడు హాస్టల్లో మా నాన్నకు చీరాలలో కలప డిపో ఉందని చెప్పాను. ఎవరూ అడగలేదు, నేనే చెప్పాను. రెండో ఏడు ఒకరోజు నాన్న నాకోసం టేకుతో డ్రాయింగు బోర్డు చేసి, గోనెసంచిలో చుట్టుకుని, పంచెకు రంపంపొట్టుతో హాస్టలుకు వచ్చాడు. నా గదిలో ఉండే వీరాంజనేయులు ఎవరని అడిగితే, "డిపోలో పనిచేసే మనిషి" అన్నాను. నాన్న అప్పటికి వెనుదిరిగి నాలుగడుగులు వేశాడు. విన్నాడో లేదో తెలీదు. ఆ బోర్డు మీదే మూడేళ్లూ బొమ్మలు గీసి ఫస్టు క్లాసులో పాసయ్యాను.

1999 వేసవికి గుంటూరులో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాను. ఒకరోజు నాగేంద్రబాబు అనే ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. గురవమ్మ గారి కొడుకు. చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లు ఉంది. "అయూబ్ అనే ఇంజనీరు మీరేనా?" అని నన్నే అడిగాడు. కర్రల బంగళాను పక్కాగా చేయించాలి, పత్తి కొనడానికి వచ్చే కోయంబత్తూరు వాళ్లను అక్కడ దింపాలి, ప్రతి ఏడూ ఈ మట్టి మెత్తే తంటా ఇక ఉండకూడదు, అదీ ఆయన కోరిక. నా పేరు ఆయనకెలా తెలిసిందని నేను అడగలేదు. ఇరవై నాలుగేళ్లకే గుంటూరు జిల్లాలో నా పేరు మారుమోగిపోతోందని అనుకున్నాను. అంత తెలివి నాది.

నాన్న ఆ ఇంటికి వెళ్తాడని నాకు తెలియదా? తెలుసు. కానీ రోహిణి కార్తెకు ఇంకా రెండు వారాలుంది కదా, ఆలోపు పని మొదలుపెట్టేస్తే ఆయన అక్కడికి రావలసిన అవసరమే ఉండదని లెక్క వేసుకున్నాను.

మొదటి రోజు నేను స్కూటరు మీద వెళ్లేసరికి నాన్న వసారాలో నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. పక్కన నాగేంద్రబాబు, గడపలో గురవమ్మ గారు. ఇంకా ఇద్దరు ముగ్గురు పనివాళ్లు. నన్ను చూడగానే నాన్న మొహం విప్పారింది. నాగేంద్రబాబు నవ్వుతూ, "రండి రండి. ఈయన ఎవరో..." అని మొదలుపెట్టాడు.

ఇంగ్లీషులో అంచనాలు టైపు కొట్టించి తెచ్చాను. కొత్త బూట్లు వేసుకున్నాను. ఇప్పుడు ఈయన నన్ను ఒరేయ్ అంటాడు, వడ్రంగి కొడుకు చేసే ఇంజనీరింగు ఇంతేలే అనుకుంటారు. నాగేంద్రబాబు మాట పూర్తికాకుండానే చేతులు జోడించి, "నమస్తే మేస్త్రీ. మీ గురించి విన్నాను" అన్నాను.

నాగేంద్రబాబు నోరు తెరిచి మూశాడు. నాన్న ఒకసారి గురవమ్మ గారి వైపు చూసి, తర్వాత నా వైపు తిరిగి, "నమస్తే అండీ, ఇంజనీరు గారూ" అన్నాడు. గురవమ్మ గారు లోపలికి వెళ్లిపోయింది. తన ఇంటి మీద చెయ్యి వేస్తున్నామని కోపమేమో అనుకున్నాను.

పని మొదలైంది. చెక్కపని నాగేంద్రబాబు మా నాన్నకే ఇచ్చాడు. నా పథకం పుస్తకంలో ఉన్నదే. స్తంభాల అడుగున కాంక్రీటు బీము పోసి ఇనప పట్టీలతో బిగించడం. తుమ్మ చీలలు పీకేసి బోల్టులు వేయడం. మట్టి గోడల మీద ఇనప జాలీ కొట్టి, ఇంచు మందం సిమెంటు ప్లాస్టరు చేయడం. అప్పుడు ఇల్లు కదలదు. కదలని ఇల్లే గట్టి ఇల్లని నా నమ్మకం.

రెండో రోజే నాన్న నా దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని, "ఇంజనీరు గారూ, ఒక్కమాట. చీలలు తియ్యకుండా ఉంటే బాగుంటదేమో" అన్నాడు. కట్టుబడి మేస్త్రీ ఆదెయ్య, ఆయన మనుషులు అందరూ వింటున్నారు. నేను, "మేస్త్రీ, మీ పని మీరు చూసుకోండి, నా పని నన్ను చూసుకోనివ్వండి" అన్నాను. ఆదెయ్య తాపీ ఆపి నా మొహంలోకి చూశాడు. వయసులో పెద్దవాణ్ణి అలా అన్నందుకు కాబోలు అనుకున్నాను. నాన్న సరేనండి అని వెళ్లి, ఆయన చేత్తో ఆయనే చీలలు కొట్టి తీశాడు. వాళ్ల నాన్న కొట్టిన చీలలవి. ఒక్కొక్కటే తీసి, తుడిచి, సంచిలో వేసుకున్నాడు.

శనివారం సాయంత్రం ఇద్దరమూ చీరాలకే వెళ్లాలి. స్కూటరు మీద ఎక్కించుకుంటే ఎవరైనా చూస్తారని నేను ముందు వెళ్లిపోయేవాణ్ణి. ఆయన బస్సు కోసం రోడ్డు మీద నిలబడేవాడు. ఇంటికి చేరాక మాత్రం ఆయన మళ్లీ మా నాన్న. పళ్లెం ముందు కూర్చుని, అమ్మ వడ్డిస్తుంటే, సైటులో చెప్పలేనివన్నీ అప్పుడు చెప్పేవాడు.

"ఒరేయ్ అయూబ్, సిమెంటు తడి తాగితే వదల్దురా. మట్టి గోడ వానకి తాగుద్ది, ఎండకి వదిలేస్తది. సిమెంటు వెనకాల నీళ్లు నిలిస్తే కర్ర లోపల్లోపలే కుళ్లుద్ది. నేలేమో ఊరుకోదు. ఇంటిని కాళ్లు కట్టేసి నిలబెట్టావనుకో, ఎక్కడో అక్కడ విరుగుద్ది."

"నాన్నా, నీకు తెలీదు. ఇది సైన్సు."

"నాకు తెలిసింది చెప్పా."

మా అమ్మ గుల్జార్ బేగం మా ఇద్దరి మొహాలూ చూసి, "తండ్రీకొడుకులు ఒకేచోట పనిచేస్తన్నారు, ఎంత అదృష్టం. అక్కడ కూడా ఇట్టాగే పోట్లాడుకుంటారా?" అని నవ్వింది. నాన్న కూర బాగుందన్నాడు. నాకు ముద్ద దిగలేదు. దిగలేదు గాని సోమవారం మళ్లీ మేస్త్రీ అనే పిలిచాను.

పని పూర్తయ్యాక ఇల్లు మెరిసిపోయింది. సిమెంటు మీద తెల్ల రంగు, కర్రల మీద నల్ల రంగు. నాగేంద్రబాబు మెచ్చుకున్నాడు. ఆ పని చూపించే నేను గుంటూరులో సొంతంగా బోర్డు పెట్టుకున్నాను. మరుసటి ఏడు రోహిణి కార్తెకు నాన్నకు కబురు రాలేదు. అలవాటుకొద్దీ సంచి సర్దుకుని, మళ్లీ విప్పి సామాను గూట్లో పెట్టుకున్నాడని అమ్మ చెప్పింది. అది విని నేను, "మంచిదే, ఈ వయసులో నిచ్చెన ఎక్కే పని తప్పింది" అన్నాను.

2001 అక్టోబరులో ముసురు పట్టింది. ఆరు రోజులు వదల్లేదు. ఏడో రోజు మధ్యాహ్నం కర్రల బంగళా పడమటి మూల స్తంభం అడుగున తెగి, పక్కకు జారింది. సిమెంటు పలకలుగా ఊడి పడింది. ముందుకొచ్చి ఉండే మేడ గది ఒక పక్కకు వేలాడింది. ఆ గదిలో గురవమ్మ గారి మనవరాలు భవ్య చదువుకుంటూ ఉంటుంది. అన్నానికని ఆ పిల్ల కిందికి వచ్చి అప్పటికి పావుగంట అయింది.

మర్నాడు నాగేంద్రబాబు మా ఇద్దరినీ పిలిపించాడు. వసారాలో ఊరి పెద్దలు నలుగురు కూర్చుని ఉన్నారు. ఆయన మాకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "మా పిల్ల పైన ఉంటే ఏమయ్యేది? ఎవరి తప్పో చెప్పండి" అన్నాడు.

నా బోర్డుకు ఏడాదిన్నర వయసు. చేతిలో రెండు ఇళ్ల పనులున్నాయి. అప్పటికి ఆ పడిపోయిన మూల దగ్గరికి వెళ్లి చూడలేదు కూడా. చూడకుండానే చెప్పాను. "నా సిమెంటు పనిలో లోపం లేదు సార్. చెక్కపనే అరిగిపోయింది. ఏళ్ల తరబడి ఏడాదికి రెండుసార్లు చీలలు వదులు చేసి, బిగించి, బెజ్జాలన్నీ పెద్దవై పోయాయి. దాన్ని మీద నుంచి ఎంత బిగించినా ఏం లాభం?"

అందరూ నాన్న వైపు చూశారు. ఆయన కాదంటాడని నాకు భయం వేసింది. అంటే ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

"నిజమేనండీ," అన్నాడు నాన్న. "నా చేతిలోనే అరిగినయ్యి. ముందే చెప్పాల్సింది. తప్పు నాదే."

గురవమ్మ గారు ఏదో అనబోయి ఆగిపోయింది. నాగేంద్రబాబు నన్ను ఎగాదిగా చూసి, ఇక మీరు వెళ్లండన్నాడు. నాన్నను ఒక్క మాట అనలేదు. నాకు గుండె మీద బరువు దిగినట్టయింది. సిగ్గులేని మాటే గాని ఉన్నది అదే. గేటు దాటేదాకా ఊపిరి పీల్చుకుంటూనే ఉన్నాను.

పెద్దల ముందు అన్నమాట ఊళ్లో ఆగదు. నెల తిరిగేసరికి చీరాల దాకా వచ్చింది. కర్రల బంగళా బాషా కాస్తా కర్రల బంగళా కూల్చిన బాషా అయ్యాడు. గుమ్మానికి ముందే అచ్చారం డబ్బులు ఇచ్చినవాళ్లు వచ్చి, ముహూర్తం మారిందని చెప్పి వెనక్కు తీసుకున్నారు. కలప అడితి దగ్గర ఆయన రోజూ కూర్చునే బల్ల మీద వేరేవాళ్లు కూర్చున్నారు. నాన్న ఇంట్లోనే ఉండి పీటలు, చపాతీ కర్రలు చేయడం మొదలుపెట్టాడు. అమ్మ వాటిని వీధిలో అరుగు మీద పేర్చి అమ్మేది. నేను ఆదివారం వెళ్లి, మా నాన్న చేసిన చపాతీ కర్రల పక్క నుంచి నడుచుకుంటూ లోపలికి వెళ్లి, అమ్మ పెట్టింది తిని వచ్చేవాణ్ణి. మా అమ్మకు అసలు సంగతి తెలియదు. "ఇన్నేళ్లు చేసిన చెయ్యి, ఎట్టా తప్పిందిరా?" అని నన్నే అడిగింది. వయసు మీద పడిందిలే అమ్మా అన్నాను.

ఫిబ్రవరిలో నాగేంద్రబాబు ఇంటిని విప్పేయాలని నిశ్చయించాడు. టేకు అమ్మేసి, ఆ స్థలంలో స్లాబు ఇల్లు. విప్పే పని కూడా నాకే పడింది. కాంక్రీటు బీము, బోల్టులు ఎక్కడెక్కడ వేశారో మీకేగా తెలుసని ఫోనులో అన్నాడు. వెళ్లాను. చేలన్నీ ఎర్రగా ఉన్నాయి, కల్లాల మీద మిరపకాయలు ఆరబోస్తున్నారు, ఘాటుకు పనివాళ్లు తుమ్ముతూనే ఉన్నారు. నాన్న కూడా వచ్చాడు. ఎవరూ పిలవలేదు. వాళ్ల నాన్న గాట్లు పెట్టిన కర్రలను రంపంతో కోసేస్తారేమోనని, వాటిని విడదీసే పద్ధతి చెబుదామని వచ్చాడట. దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డాడు. ఇంటి దగ్గరికి రాలేదు.

ఆదెయ్య మనుషులు పడమటి మూల సిమెంటు కొట్టారు. జాలీ లాగితే పలకలు పలకలుగా వచ్చింది. దాని వెనకాల స్తంభం కనిపించింది. నా కాంక్రీటు బీములో దిగిన చోట, జానెడు మేర, కర్ర నల్లగా నానిపోయి ఉంది. వేలు పెట్టి నొక్కితే వేలు దిగింది. నాలుగు నెలలుగా వాన చుక్క లేదు, అయినా తడిగా ఉంది. పక్క స్తంభమూ అంతే. నా బోల్టులు తుప్పు పట్టి, ఉబ్బి, దూలాలను నిలువునా చీల్చాయి. బిగించిన ప్రతిచోటా చీలిక ఉంది.

తర్వాత దూలం దింపారు. డెబ్బై ఐదేళ్ల బెజ్జం బయటపడింది. లోపల ఉలి గాట్లు నిన్న చెక్కినట్టున్నాయి. అంచులు ఎక్కడా అరగలేదు. ఇంకోటి దింపారు. అదీ అంతే. మా నాన్న ముప్పై రెండేళ్లు వదులు చేసి, బిగించిన బెజ్జాలు ఒక్కటీ అరగలేదు. నేను మొత్తం పద్దెనిమిది చూశాను. ఒక్కటైనా అరిగి ఉంటే బాగుండునని వెతికాను. అంత నీచంగా వెతికాను.

నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. సాయంత్రానికి లారీ వస్తుంది, కర్ర వెళ్లిపోతుంది, కుళ్లిన ముక్కలు పొయ్యిలోకి పోతాయి. వేపచెట్టు కింద నాన్న నిలబడే ఉన్నాడు. ఎవరో కూలీ ఆయన పక్క నుంచి వెళ్తూ, "ఏం బాషా, నీ చీలల గొప్పదనం చూడ్డానికొచ్చావా?" అన్నాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నేను భరించలేకపోయాను. అంతకు మించిన గొప్ప కారణమేమీ లేదు.

వసారాలో నాగేంద్రబాబు, గురవమ్మ గారు కూర్చుని ఉన్నారు. కుళ్లిన స్తంభం ముక్క ఒకటి చేత్తో పట్టుకుని వెళ్లి వాళ్ల ముందు పెట్టాను. పనివాళ్లందరికీ వినపడేలా చెప్పాను.

"సార్, తప్పు నాది. సిమెంటు వెనకాల తడి నిలిచి కర్ర కుళ్లింది. బోల్టులకు దూలాలు చీలాయి. బెజ్జాలు అరగలేదు, వచ్చి చూసుకోండి. మేస్త్రీ మొదటే వద్దన్నాడు. నేను వినలేదు. పెద్దల ముందు అబద్ధం చెప్పాను."

నాగేంద్రబాబు ఆ ముక్కను తీసుకుని గోటితో గీకి చూశాడు. మొహం ఎర్రబడింది. నేను ఇంకా ఆగలేదు. అసలైంది మిగిలే ఉంది.

"ఇంకో సంగతి. ఆయన... ఆయన మా నాన్న. జాన్ బాషా మా నాన్న."

చెప్పి తల దించుకున్నాను. తిడతారనుకున్నాను. థూ అంటారనుకున్నాను. కనీసం ఆశ్చర్యపోతారనుకున్నాను. తల ఎత్తి చూస్తే ఆదెయ్య ఎటో చూస్తున్నాడు. కూలీలు సిమెంటు ముక్కలు ఎత్తుతూనే ఉన్నారు. ఒక్కరి మొహంలోనూ కొత్త సంగతి విన్న ఆనవాలు లేదు.

గురవమ్మ గారు నెమ్మదిగా అంది: "తెలుసయ్యా."

నాకు అర్థం కాలేదు.

"నువ్వు రాకముందు నుంచే తెలుసు. మావాడు ఈ ఇల్లు పీకేసి స్లాబు వేస్తానంటే, మీ నాన్న పరుగెత్తుకొచ్చాడు. 'మా అబ్బాయి ఇంజనీరమ్మా, ఫస్టు క్లాసు, గుంటూరులో ఉన్నాడు, వాడి చేతిలో పెట్టండి, నిలబెడతాడు' అని మావాడి చేతులు పట్టుకున్నాడు. నీ ఆఫీసు అడ్రసు ఆయన ఇచ్చిందేగా. నువ్వొచ్చే రోజు పొద్దున్నే వచ్చి, ఈ ఆదెయ్యకీ, ఆ కూలోళ్లకీ, పాలు పోయడానికొచ్చిన పుల్లమ్మక్కూడా చెప్పాడు, ఇవాళ మావాడొస్తన్నాడని."

నాగేంద్రబాబు ముక్కను కింద పెట్టాడు. "ఆ రోజు మీరు మేస్త్రీ అంటే నాకేం చెయ్యాలో తోచలేదండీ. మీకు కనపడకుండా మీ నాన్న వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. సరేలే, ఆయనకి లేని బాధ నాకెందుకని ఊరుకున్నా."

"మొన్న పెద్దల ముందూ అంతే," అంది గురవమ్మ గారు. "నాకు ఒళ్లు మండింది. చెబుదామనే నోరు తెరిచా. ఆయన నా వంక చూసిన చూపుకి మళ్లీ మూసుకున్నా. ఈ ఇంటికి ముప్పై ఏళ్లు చేసిన మనిషి నోరు తెరిచి అడక్కుండా అడిగాడు, ఎట్టా కాదనేది?"

రెండున్నరేళ్లు. నేను మేస్త్రీ అన్న ప్రతిసారీ, ఆదెయ్యకు తెలుసు. ఇసుక మోసే ఆడవాళ్లకు తెలుసు. శనివారం నా స్కూటరు వెళ్లిపోయాక ఆయన బస్సు కోసం నిలబడటం వాళ్లందరూ చూశారు. దాచానని అనుకున్నది నేనొక్కణ్ణే. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్కడే ఆ సిమెంటు పెళ్లల మీద కూర్చుండిపోయాను.

నాన్న వేపచెట్టు దగ్గర నుంచి వచ్చాడు. నేను గట్టిగా చెప్పినప్పుడే బయలుదేరినట్టున్నాడు, గురవమ్మ గారి మాటలు ఆయనకు వినపడ్డాయి. తప్పు దొరికిపోయినవాడిలా తల వంచుకుని ఉన్నాడు. నా పక్కన గొంతుక్కూర్చుని, ఎవరికీ వినపడకుండా, బతిమాలుతున్నట్టు అన్నాడు:

"ఏమనుకోకురా అయూబ్. సంతోషం పట్టలేక ముందే చెప్పేశా. నీకిష్టముండదని తెలీలా. తెలిస్తే నేను నీ నాన్ననని ఎవరికీ చెప్పేవాణ్ణి కాదురా."